కిలో మీద ఇరవై గ్రాములు

ఊర్మిళకు ఆరో తరగతిలో దశాంశాలు చెప్పింది నేనే. నా పేరు విజయరాణి. సూరత్ లింబాయత్‌లోని తెలుగు మీడియం బడిలో ఇరవై ఏడేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. మా బడికి వచ్చే పిల్లలందరివీ కరెంటు మగ్గాల మీద బతికే ఇళ్లే. ఆ మగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చి రెండు తరాలుగా సూరత్‌లో సాంచెలు నడుపుతున్న కుటుంబాలు అవి.

ఒకసారి పరీక్షలో సున్నా పాయింట్ ఐదు అని రాయాల్సిన చోట ఊర్మిళ ఉత్త చుక్క పెట్టి పక్కన ఐదు వేసింది. అర మార్కు తీసేశాను. పేపరు పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, చుక్కకు ముంగట ఏం రాయకపోతే ఆడ సున్న ఉన్నట్టే గదా?"

"ఉన్నట్టే. కానీ చుక్క చిన్నది. చదివేవాళ్ల కంటికి ఆనకపోతే అర కాస్తా ఐదైపోతుంది."

కాసేపు ఆలోచించింది. "అంటే సున్న మన కోసం కాదు, సదివేటోళ్ల కోసం రాయాల్నా?"

"అవును, చదివేవాళ్ల కోసమే."

మార్కు కలపమని అడగలేదు. తల ఊపి వెళ్లి కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి మీద నాకు ఒక కన్ను ఉండేది.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. ఆ ఏడు బడికి వచ్చిన తండ్రులందరితో మాట్లాడుతూ, ఊర్మిళ తండ్రి రాజలింగాన్ని కూడా అడిగాను. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. చొక్కా భుజాల మీద దూది నలుసులు. బయట పిల్లల గోల. "ఊర్మిళను చదివిస్తారా, చీరలకు రాళ్లు అతికించే పనికి పెడతారా?" అన్నాను. "ఆ, ఆ" అన్నాడు నవ్వుతూ. "చదువు మాన్పిస్తారా ఏమిటి?" అన్నాను. దానికీ "ఆ, ఆ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోట్లాటకు వెళ్లాను.

ఒకే గది. ఊర్మిళ తల్లి సారక్క రొట్టెలు కాలుస్తోంది. నేను వచ్చిన పని చెప్పగానే పెనం దింపి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆయనకు ఇనపడది టీచర్. సాంచెల చప్పుడుకు చెవులు పోయినయి. ఏమడిగినా ఆ అంటడు. ఇనపడలేదు అనుటానికి సిగ్గు."

తర్వాత ఆమె భర్త ముందు నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ నా మాటలే మళ్లీ చెప్పింది. రాజలింగం ఆమె నోటికేసి చూస్తున్నంతసేపూ మామూలుగానే ఉన్నాడు. అర్థం కాగానే మొహం మారిపోయింది. లేచి నాకు దండం పెట్టాడు.

"అయ్యో, నేనెందుకు మాన్పిస్త టీచరమ్మా? సదివినన్ని దినాలు సదివిపిస్త. నాకు ఇనపడలే. ఇనపడక అన్న."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఊర్మిళ లోపలికి వచ్చి, తల్లి దింపిన పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

అన్న మాట ప్రకారం చదివించాడు. ఊర్మిళ కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి, ఖటోదరాలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. పాత మిల్లు షెడ్డు మీద వేసిన అంతస్తు అది, ఆరుగురు మనుషులు. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. యజమాని పేరు ఓంప్రకాష్. రాజస్థాన్ నుంచి వచ్చినాయన. ఊళ్లో అందరూ రాసే కంప్యూటర్ భాషలు కాకుండా హాస్కెల్ అనే భాషలో రాయిస్తాడు. అందులో తప్పులు చాలావరకు ముందే పట్టుబడతాయని ఆయన నమ్మకం.

నేను అప్పటికి రిటైరయ్యాను. ఆదివారాలు ఊర్మిళ మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ, నేను ఒకప్పుడు తనకు చెప్పినట్టే నాకు పాఠం చెప్పేది.

"ఈ భాషల ప్రతి పనీ ఒక ఫంక్షన్ టీచర్. మన లెక్కల పుస్తకంల ఉంటది సూడుండ్రి, అదే. లోపలికి ఒకటి ఇస్తే బయటికి ఒకటి ఇస్తది. ఏం తీసుకుంటదో, ఏం ఇస్తదో ముందే రాసి చెప్పాలె. అక్షరాలంటే అక్షరాలే, అంకెంటే అంకె. అక్షరాలను అంకె అనుకొని కూడబోతే అస్సలు ఒప్పుకోదు."

"మనం టైపు చేసేది అంకే కదా?"

"మనకు అంకె. మిషన్‌కు కాదు. సున్న, చుక్క, తొమ్మిది, ఎనిమిది అని టైపు చేస్తే మిషన్‌కు అవి నాలుగు అక్షరాలు. పేరు రాసినట్టే. వాటిని అంకె చెయ్యాలంటే ఒక ఫంక్షన్ కావాలె. నాకిచ్చిన మొదటి పని అదే."

ఆ పని ఒక ట్రస్టు ఆసుపత్రి కోసం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. రోజూ పొద్దున నర్సు ప్రతి బిడ్డనూ తూచి, బరువు కంప్యూటర్లో కొడుతుంది. పాలు ఎన్ని పట్టాలో, మందు ఎంత వేయాలో ఆ బరువును బట్టి డాక్టర్ చూసుకుంటాడు. అదే బరువు పదకొండు గంటలకల్లా తల్లి ఫోనుకు సందేశంగా వెళ్తుంది. సందేశం పంపాలన్న ఆలోచన ఆసుపత్రివాళ్లది. అద్దం అవతల ఉన్న బిడ్డ ఎలా ఉన్నదో అని తల్లులు రోజంతా నర్సులను అడుగుతూ ఉంటారట.

ఊర్మిళ భాషలో సిద్ధంగా ఉన్న ఫంక్షన్నే వాడింది. ఆఫీసులో పరీక్షించినప్పుడు అన్నీ బాగానే పనిచేశాయి. వార్డులో పెట్టిన మొదటి రోజే పెద్ద నర్సు నయనాబెన్ ఒక పాప బరువు చుక్క తొమ్మిది ఎనిమిది అని కొట్టింది. చుక్క ముందు సున్నా లేదు. ఆ ఫంక్షన్ దాన్ని అంకెగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే కాదు, ప్రోగ్రాం మొత్తం ఆగిపోయింది.

ఆ ఆదివారం వచ్చి గడపలోనే నవ్వేసింది. "అది కూడా మీ లెక్కనే టీచర్. సున్న రాయకపోతే మార్కు కట్."

"మరి ఏం చేశావు?"

"ఇంకో ఫంక్షన్ ఉన్నది. అది ఆగిపోదు. అంకె అయితే ఇగో అంటది, కాకపోతే ఏం లేదు అంటది. ఏం లేదు అన్నప్పుడు సున్న అనుకో అని రాసిన. చుక్క ముందు సున్న మాత్రం నేనే కలిపిన. ఇప్పుడు ఆగకుండా నడుస్తున్నది."

అప్పుడు నాకైనా తట్టి ఉండాల్సింది. ఏమీ లేకపోవడం వేరు, సున్నా వేరు. లెక్కల టీచరును. కానీ నేనూ టీ కప్పు అందించి, "శభాష్" అన్నాను.

వార్డులో ఆ చుక్క తొమ్మిది ఎనిమిది బరువున్న పాప లత కూతురు. లత వాళ్లది డిండోలి. వయసు ఇరవై రెండు. భర్త దేవదాస్ సాంచెల మీద పనిచేస్తాడు. ఏడో నెలలో నొప్పులొచ్చి పాప పుట్టింది. మొదటి వారం పాప బరువు ఇంకా తగ్గింది. తర్వాత రోజుకు ఐదు గ్రాములు, పది గ్రాములు పెరగడం మొదలుపెట్టింది. లత రోజూ వార్డుకు వచ్చేది. అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడేదట. ఇరవై రోజుల తర్వాత ఆమెకు జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గేదాకా లోపలికి రావద్దని పంపేశారు. ఆ మూడు రోజులూ ఫోనుకొచ్చే అంకె ఒక్కటే ఆమెకు బిడ్డ కబురు.

మూడో రోజు పొద్దున పాపను తూచిన నయనాబెన్ గట్టిగా అరిచింది. మిగతా నర్సులు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. పాప కిలో దాటింది. వెయ్యీ ఇరవై గ్రాములు. కిలో దాటడమంటే ఆ వార్డులో పండగే. ఆ సంబరంలో నయనాబెన్ రోజూ కొట్టినట్టు అంకె మాత్రమే కొట్టలేదు. "1 కిలో 20" అని కొట్టి, పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు కూడా పెట్టింది.

ప్రోగ్రాంకు అది అంకె కాదు. ఏమీ లేదు అంది. ఏమీ లేకపోతే సున్నా అనుకోమని ఊర్మిళ రాసిన ముక్క తన పని తాను చేసింది.

డిండోలిలో లత ఫోను మోగింది. సందేశం గుజరాతీలో ఉంది. ఆమెకు గుజరాతీ చదవడం రాదు. రోజూ అంకె వరకే చూస్తుంది. ఆ రోజు అంకె సున్నా, చుక్క, సున్నా, సున్నా.

ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు. షేర్ ఆటోలో ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఎవరు ఏమడిగినా మాట్లాడక, ఫోను వాళ్ల ముందుకు చాపుతూ వచ్చింది. వాళ్లలో ఒకామె గుజరాతీ చదివి, "బరువు సున్నా అని రాసి ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పిందట. వార్డు మెట్ల దగ్గర లతను చూసిన నయనాబెన్ శుభవార్త చెబుదామని ఎదురొచ్చింది. లత ఆమె కాళ్ల మీద పడి, "ఒక్కపారి సూపియ్యిండ్రి, తీస్కపొయ్యే ముందట ఒక్కపారి" అంది. తెలుగు రాని నయనాబెన్‌కు ఆ మాటలు అర్థం కాలేదు. ఫోను చూశాక అర్థమైంది. జ్వరం సంగతి పక్కన పెట్టి, లతను లేపి, నడుం పట్టుకుని అద్దం దగ్గరికి తీసుకెళ్లింది. లోపల పాప కాలు ఆడిస్తోంది.

మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చింది. విషయం విని ఊర్మిళ తను రాసిన ఆ ముక్క తెరిచి చూసింది. ఓంప్రకాష్ చెడ్డవాడు కాదు. "బేటా, అందరికీ అవుతాయి ఇలాంటివి. ఆసుపత్రికి ఫోన్ చేసి సారీ చెప్పు. ఆ ముక్క మార్చెయ్" అన్నాడు. ఊర్మిళ సంచీ తీసుకుని, "నేను వెళ్లి చెప్పొస్తాను సార్" అని లేచింది.

వార్డు బయట బల్ల మీద లత కూర్చుని ఉంది. పక్కన పనిలోంచి అలాగే వచ్చిన దేవదాస్. ఊర్మిళ ఎదురుగా నిలబడి గుజరాతీలో మొదలుపెట్టింది. లత కళ్లు చూసి తెలుగులోకి మారింది.

"ఆ సున్న పంపింది నేనే. ఆసుపత్రోళ్ల తప్పు కాదు, నర్సమ్మ తప్పు కాదు. మిషన్‌కు అట్ల రాసింది నేను."

దేవదాస్ సగం లేచాడు. లత అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. కాసేపు ఊర్మిళ వైపే చూసింది.

"నువ్వు మనోళ్ల పిల్లవా అక్కా? ఏడుంటరు?"

"లింబాయత్‌ల. మా బాపు కూడ సాంచెలే."

"కూసో" అని పక్కకు జరిగింది లత. ఊర్మిళ కూర్చోలేకపోయింది. లత ఆమె చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నాకు గుజరాతీ రాదక్కా. అంకెలైతే వస్తయి. బరువు లేదంటే మనిషి లేనట్టే గదా అనుకున్న. గా మిషన్‌కు తెల్వకపోతే తెల్వదని రాయొచ్చు గదా? సున్న అని ఎందుకు రాసింది?"

ఆ ప్రశ్న చాలా సరైనదని ఊర్మిళకు తెలుసు. ఇద్దరూ ఆ బల్ల మీద పక్కపక్కనే ఏడ్చారు. నయనాబెన్ వచ్చి ఇద్దరికీ నీళ్లిచ్చి, తప్పు తనదేనని, ఉత్త అంకె కొట్టాల్సిందని హిందీలో చెప్పబోయింది. "సంతోషంలో రాశారు. తప్పెట్లా అవుతుంది?" అని ఊర్మిళ ఆమెను ఆపింది.

ఇంటికొచ్చాక అన్నం దగ్గర కూర్చుని తండ్రికి చెప్పింది. వాళ్లింట్లో రాజలింగానికి ఏదైనా చెప్పాలంటే ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా చెప్పాలి. సున్నా దగ్గరికి వచ్చేసరికి, అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది. విన్నంతసేపూ "ఆ" అనలేదు.

"నేను గట్లనే చేసిన బిడ్డా" అన్నాడు చివరికి. "నీకు చెప్పలే. మీ అవ్వకు గూడ చెప్పలే."

సారక్క కంచం పక్కన పెట్టింది.

"సోమలింగం ఎర్కే గదా? నా పక్క సాంచెలు నడిపేటోడు. నీకు మూడేండ్లు అప్పుడు. ఆయన నా సాంచెల చెయ్యి పెట్టి ఏదో సదురుతున్నడు. నా దిక్కు తిరిగి ఏదో అన్నడు. నాకు ఇనపడలే. ఆ అన్న. అనుకుంట సాంచె షురూ జేసిన. 'నేను చెప్పెదాక షురూ చెయ్యకు' అన్నడట. ఏలు కొస పోయింది ఆయనది." తన చూపుడు వేలు ఎత్తి చూపించాడు. "నన్ను ఒక్క మాట అనలే. నా చెవుల సంగతి అందరికి తెలిస్తే నన్ను పనిల కెల్లి తీసేస్తరని, పైనోళ్లకు తనదే తప్పు అని చెప్పిండు. అప్పుడన్న నాకు బుద్ధి రావాలె గదా? ఇనపడలేదు, మల్ల చెప్పు అంటే ఏం పోతుండె? సిగ్గు. ఎదుటోడు ఏమనుకుంటడో అని సిగ్గు."

సారక్క ఆయన కంచంలోకి మజ్జిగ వంచింది. ఊర్మిళ లేచి తండ్రి పక్కకు వచ్చి కూర్చుంది.

"ఎర్కలేనప్పుడు ఎర్కలేదు అనాలె బిడ్డా" అన్నాడు రాజలింగం. "మిషన్ అయితేంది, మనిషైతేంది."

ఆ వారమే ఊర్మిళ ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఎన్నాళ్లుగానో వద్దంటున్నవాడు ఈసారి మారు మాట్లాడకుండా వెళ్లాడు. కుడి చెవికి మిషన్ పెట్టారు. ఎడమ చెవికి లాభం లేదన్నారు. పెట్టుకుని బయటికి రాగానే రోడ్డు మీద హారన్లకు ఉలిక్కిపడి, "ఇంత లొల్లి ఎప్పటికెల్లి?" అన్నాడట.

సున్నా ముక్క ఎప్పుడో తీసేసింది. దాని బదులు ఏం పెట్టాలన్నదే అసలు పని. రెండు రోజులు సెలవు పెట్టి, ఆసుపత్రివాళ్ల అనుమతితో వార్డు వరండాలో కూర్చుని, పాత కాగితాల రిజిస్టర్లన్నీ తిరగేసింది. పిల్లల పేర్లు వదిలేసి, నర్సులు బరువు ఎన్ని రకాలుగా రాస్తారో నోటు పుస్తకంలో ఎక్కించుకుంది. చుక్కతో రాసేవాళ్లు, చుక్క బదులు కామా పెట్టేవాళ్లు, అడ్డగీత పెట్టేవాళ్లు, మొత్తం గ్రాముల్లో రాసేవాళ్లు, గుజరాతీ అంకెల్లో రాసేవాళ్లు. ఒక పెద్దావిడ కిలోంబావుకు గుజరాతీలో "సవా" అని మాటల్లోనే రాసింది. అలా ముప్పై ఒక్క రకాలు తేలాయి. ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించింది. నేను కళ్లజోడు పెట్టుకుని పరీక్ష పేపర్లు చూసినట్టే చూశాను. దేనికీ మార్కు తీయబుద్ధి కాలేదు.

"ఇప్పుడు సిద్ధంగ ఉన్నది వాడుత లేను టీచర్. నేనే కడుతున్న. అంకెలు చదివేదొక చిన్న ఫంక్షన్, చుక్క చదివేదొకటి, కిలో అన్న మాట చదివేదొకటి. గుజరాతీ అంకెను మామూలు అంకె చేసేదొకటి. వాటిని ఒకదాని ఎన్క ఒకటి కలిపితే పెద్దది అయితది. ఆఖరికి దాని చేతికి రెండు దారులు ఇచ్చిన. కుడి దిక్కు అంకె వస్తది. ఎడమ దిక్కు ఎందుకు అర్థం కాలేదో ఆ కారణం వస్తది. రెండిట్ల ఏదో ఒకటే. కారణం వచ్చిందంటే తల్లికి ఏం పోదు. నర్సును మల్ల అడుగుతది."

"సున్నా?"

"సున్న అన్న మాటే లేదు ఇందుల. అసలు బరువు సున్న ఎట్లుంటది?"

ఒక్క చోట చిక్కు వచ్చింది. నయనాబెన్ "1-20" అని రాస్తే కిలో మీద ఇరవై గ్రాములు. మధ్యాహ్నం నర్సు అదే రాస్తే కిలో మీద రెండు వందలు. ఆమెకు అడ్డగీత అంటే చుక్కే. రిజిస్టర్లో రెండూ పక్కపక్క పేజీల్లోనే ఉన్నాయి. ఓంప్రకాష్ చూసి, "ఎక్కువమంది ఎలా రాస్తే అలా అనుకుందాం. నిన్నటి బరువుకు దగ్గరగా ఉన్నది తీసుకుందాం" అన్నాడు.

"అనుకోవద్దు సార్" అంది ఊర్మిళ. "అడుగుదాం."

"నర్సులు విసుక్కుంటారు. వాళ్లకు వంద పనులు."

"విసుక్కోనివ్వండి. ఒకసారి అనుకున్నాను. ఒక తల్లి చెప్పుల్లేకుండా వచ్చింది."

ఓంప్రకాష్ బల్ల మీద వేళ్లు ఆడించి సరేనన్నాడు. ఆ అడిగే మాటలు గుజరాతీలో ఆయనే దగ్గరుండి రాయించాడు. కసురుకున్నట్టు ఉండకూడదని రెండుసార్లు మార్చాడు కూడా. తల్లులకు వెళ్లే సందేశం గుజరాతీ, హిందీ, తెలుగు మూడింట్లో ఏది కావాలంటే అందులో పంపేలా ఊర్మిళ ఏర్పాటు చేసింది. తెలుగు మాటలు నేను చూసిపెట్టాను. అంకె ఒక్కటే కాకుండా "మీ పాప ఈ రోజు బరువు ఒక కిలో ఇరవై గ్రాములు" అని అక్షరాల్లో కూడా వచ్చేలా పెట్టించాను. నా ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో అంతకంటే ముఖ్యమైన వాక్యం దిద్దలేదు.

కొత్తది పెట్టిన మొదటి వారం నర్సులు విసుక్కున్న మాట నిజమే. "బిడ్డను నేను తూస్తున్నానా, అది నన్ను తూస్తోందా?" అందట నయనాబెన్. పదో రోజున కొత్తగా చేరిన ఒక నర్సు "1-5" అని కొట్టింది. తెర మీద ప్రశ్న వచ్చింది: కిలో మీద ఐదు గ్రాములా, ఐదు వందలా? ఆ పిల్ల రెండూ చూసి తెల్లబోయి, మళ్లీ బిడ్డను తూచింది. రెండూ కాదు. కిలో మీద యాభై. నయనాబెన్ ఆ రోజు తనంతట తానే ఆఫీసుకు ఫోన్ చేసి, ఊర్మిళను పిలిపించుకుని, "అడగనీ, రోజూ అడగనీ" అని చెప్పింది.

ఆ తర్వాత ఆసుపత్రిలో ఇంకో రెండు వార్డులకు అదే పెట్టారు. ఓంప్రకాష్ ఇప్పుడు ఆఫీసులో చేరే కొత్తవాళ్లకు మొదటి పాఠంగా ఊర్మిళ నోటు పుస్తకం చేతికిస్తాడట. ఆ పుస్తకం ఇప్పుడు నలభై నాలుగు రకాలకు పెరిగింది.

లత జ్వరం తగ్గి వార్డుకు వెళ్లడం మొదలుపెట్టాక, పాపను గుండెల మీద చర్మానికి చర్మం ఆనించి గంటల తరబడి పడుకోబెట్టుకునేది. ఊర్మిళ ఆఫీసు పని మీద వెళ్లినప్పుడల్లా అద్దం ఇవతల నుంచి చెయ్యి ఊపేది. లత లోపలి నుంచి వేళ్లతో ఆ రోజు బరువు చూపించేది. కిలో వందకు ఒక వేలు, కిలో రెండు వందలకు రెండు. కిలో ఎనిమిది వందల నలభై ఉన్న రోజున పాపను ఇంటికి పంపించారు.

కిందటి నెల పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ చేశారు. మమ్మల్నందరినీ పిలిచారు. రాజలింగం, సారక్క, ఊర్మిళ, నేను కలిసి షేర్ ఆటోలో డిండోలి వెళ్లాం. ఇల్లు మూడో అంతస్తు. మెట్ల మీదికే పప్పు వాసన. చీరతో కట్టిన తొట్టెల చుట్టూ ముత్తయిదువలు పాట అందుకున్నారు. రాజలింగం తొట్టెల పక్కనే గోడకానుకుని కూర్చుని, పాట మొత్తం విన్నాడు. పేరు ఇంకా ఖాయం కాలేదు. దేవదాస్ తల్లి ఒకటి అంటుంది, లత ఒకటి అంటుంది. ప్రస్తుతానికి అందరికీ చిట్టి.

పాట అయ్యాక లత పాపను తీసి ఊర్మిళ ఒళ్లో పెట్టబోయింది. ఊర్మిళ వెనక్కి జరిగింది.

"నాకు పట్టుకునుడు రాదు. అద్దంలకెల్లి సూసుడే తప్ప ఎన్నడు పట్టుకోలే."

"తల కింద చెయ్యి పెట్టక్కా. గంతే. ఇంకేం లేదు."

ఊర్మిళ తల కింద చెయ్యి పెట్టింది. రెండో చెయ్యి నడుం కిందికి ఎలా వెళ్లిందో తనకే తెలియలేదు. పాప ఒకసారి కళ్లు తెరిచి, తుమ్మి, మళ్లీ మూసుకుంది.

"ఎంతున్నదిప్పుడు?" అని అడిగాను లతను.

"తూయలే టీచర్" అంది లత. "చేతులకు తెలుస్తున్నది గదా."

అవతల గదిలో విస్తళ్లు వేశారు. దేవదాస్ వచ్చి, "లేవుండ్రి, బువ్వ సల్లారుతది" అని మూడుసార్లు పిలిచాడు. మేమంతా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాం. ఊర్మిళ మాత్రం కదల్లేదు. కదిలితే పాప లేస్తుందని, ఎవరినీ దగ్గరికి రావద్దని కళ్లతోనే చెప్పింది.